తాడు బయట తాహిర్‌భాయ్

పెళ్లిపందిట్లో ఫొటోగ్రాఫర్ మాటకి ఎదురు లేదు. పెళ్లికొడుకు తాళి కట్టబోతుంటే "ఆగండాగండి" అంటాడు. అందరూ ఆగిపోతారు. పంతులుగారు కూడా మంత్రం సగంలో ఆపి కెమెరా వైపు మొహం పెడతారు. తలంబ్రాలు పోసుకున్నాక "సరిగ్గా పడలేదండి, ఇంకోసారి" అంటే నవ్వుకుంటూ మళ్లీ పోసుకుంటారు. అలా పెళ్లిళ్లని ఆపి, నడిపి బతికినవాడు మా ఏలూరు తాహిర్‌భాయ్. ఆయన పక్కన లైటు పట్టుకుని నిలబడినవాణ్ణి నేను.

నా అసలు పని పెదవేగి తోటల్లో పామాయిల్ గెలలు కొయ్యడం, ట్రాక్టర్‌లోకి ఎత్తడం. ముహూర్తాలున్నప్పుడు మాత్రం తాహిర్‌భాయ్ దగ్గర లైటు. గెలలు మోసిన చేతులు వణకవని నన్ను పెట్టుకున్నాడు.

స్టూడియో వాళ్ల నాన్న మొహిద్దీన్ గారు పెట్టింది. మొహం కనపడని ఫొటోకి జనం దగ్గర డబ్బులు అడక్కూడదని ఆయన కొడుక్కి చిన్నప్పుడే చెప్పాడట. అందుకే తాహిర్‌భాయ్‌కి ఎవరి మొహమైనా పక్కకి తిరిగితే ప్రాణం ఒప్పేది కాదు. ఎడమ చెయ్యి పైకెత్తి "ఇటు చూడమ్మా, ఇటు" అనేవాడు. ఆ గొంతు ఎంత మెత్తగా ఉండేదంటే, ఏడుస్తున్న పెళ్లికూతురు కూడా కళ్లు తుడుచుకుని చూసేది.

ఈమధ్య పెళ్లిళ్లకి వేరే మనుషులు వస్తున్నారు. డ్రోన్లు, పదిమంది కుర్రాళ్లు, నల్ల చొక్కాలు. తాహిర్‌భాయ్‌కి పాస్‌పోర్టు ఫొటోలు మిగిలాయి. అలాంటి రోజుల్లో మా మండలం హైస్కూల్లో ఆటలు నేర్పే మాణిక్యం మేడం కబురు పెట్టింది. ఆడపిల్లల కబడ్డీ టీముకి గ్రూపు ఫొటో తియ్యాలంది.

గ్రూపు ఫొటో అయిపోయింది. పిల్లలు ఆట మొదలుపెట్టారు. తాహిర్‌భాయ్ కెమెరా సర్దకుండా నిలబడిపోయాడు.

"వీరాస్వామీ, చూశావా? వీళ్లకి చెప్పకుండానే మొహంలో అన్నీ వచ్చేస్తున్నాయి" అన్నాడు.

ఆ రోజునుంచి పెళ్లిళ్ల మాట తగ్గింది. ఎక్కడ పిల్లల ఆటలుంటే అక్కడికి పోయేవాడు. ఖర్చు ఎవరూ ఇవ్వరు. ఈ ఊళ్లలో పిల్లల ఆటలకి ఫొటో అంటే కప్పు పట్టుకుని వరసగా నిలబడ్డం. ఆడుతున్న ఫొటో ఎవరి ఇంట్లోనూ లేదు. అది తను తీస్తానన్నాడు. పొరపాటు కూడా అక్కడే జరిగింది.

మండలం పోటీల్లో ఆఖరి ఆట. ఒక్క పాయింటు వస్తే మా పిల్లలు గెలుస్తారు. కూతకి వెళ్లింది రమ్యశ్రీ. గుండుగొలను దగ్గర వరి చేసే బుచ్చిబాబు గారి అమ్మాయి. బక్కగా ఉంటుంది గానీ పాములా తప్పించుకుంటుంది. అవతలి పిల్లని భుజం మీద కొట్టి వెనక్కి తిరిగింది. నడిగీత ఇంకో అడుగు దూరం.

తాహిర్‌భాయ్ దగ్గరున్నది పెళ్లిళ్ల లెన్సు. దగ్గరనుంచి పదిమందిని పట్టిస్తుంది, దూరంగా ఉన్నవాళ్లని చీమల్లా చూపిస్తుంది. అందుకని ఆయన గీత పక్కనే కూర్చున్నాడు. ఆ పిల్ల మొహం అటు తిరిగి ఉంది. ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఇటు చూడమ్మా, ఇటు!"

రమ్యశ్రీ ఆగింది. పుట్టినప్పటినుంచీ ఎన్ని పెళ్లిళ్లలో విందో ఆ మాట. నిటారుగా నిలబడి, జడ ముందుకి వేసుకుని, కెమెరా వైపు చూసింది. వెనకనుంచి ఒక పిల్ల వచ్చి చీలమండ పట్టేసింది.

ఆట పోయింది. ఫొటో మాత్రం శుభ్రంగా వచ్చింది. జడ ముందుకి, నవ్వబోతున్న మొహం, కాలికి వేళ్లాడుతున్న ఇంకో పిల్ల. తాహిర్‌భాయ్ దాన్ని తీసేద్దామనుకునేలోపే ఎవరో కెమెరా తెర మీదున్న దాన్ని ఫోనుతో ఫొటో తీసుకున్నారు. సాయంత్రానికల్లా ఊరూరా తిరిగింది.

అక్కడినుంచి ఆ పిల్ల ఎక్కడ కూతకి వెళ్లినా బయటనుంచి కేకలే. "ఇటు చూడమ్మా! జడ సర్దుకో అమ్మా!" పేరే మారిపోయింది. ఫొటో రమ్య. ఒకసారి పెదపాడులో ఆట మధ్యలోంచి ఏడుస్తూ వచ్చేసిందని మేడం చెప్పింది.

తాహిర్‌భాయ్ ఆ స్కూలుకి వెళ్లాడు. నేనూ వెళ్లాను. మాణిక్యం మేడం కుర్చీ కూడా చూపించలేదు.

"మళ్లీ ఏం తీద్దామని వచ్చారండీ? మా పిల్లల్ని నిలబెట్టి దండలు మార్పిస్తారా?"

"తప్పు నాదేనండి. ఇంకొక్క ఫొటో తీస్తాను. ఆ అమ్మాయి ఆడుతున్నది. దీన్ని చూస్తే దాన్ని మర్చిపోవాలి జనం."

"మీకు ఫొటో యావండి. పిల్ల గోల మీకెందుకు?"

"ఆ యావతోనే పాడుచేశాను, దాంతోనే బాగుచెయ్యాలండి. ఇంకోటి రాదు నాకు."

ఆవిడ మెడలో విజిలు తాడు వేలికి చుట్టుకుంది. తర్వాత అంది. "తాడేపల్లిగూడెంలో పోటీలున్నాయి. ఈ వయసు గ్రూపులో దానికి అవే ఆఖరు. రండి. కానీ కోర్టు చుట్టూ తాడు కడతారు చూడండి, దాని బయటే ఉండాలి. నోరు తెరిచారో, నేనే వచ్చి కెమెరా లాక్కుంటాను."

"తెరవనండి."

"ఇప్పుడు తెరిచారు కదా" అంది మేడం. కోపంగానే అంది గానీ నాకు నవ్వొచ్చింది.

తాడు బయటనుంచి తియ్యాలంటే పెళ్లిళ్ల లెన్సు పనికిరాదు. తాహిర్‌భాయ్ కొల్లేరు దారి పట్టాడు. అక్కడ నిత్యానందం అని ఒకాయన ఉన్నాడు. పక్షుల ఫొటోలు తీసుకునేవాళ్లని పడవలో తిప్పీ తిప్పీ తనూ నేర్చుకుని, పాత పెద్ద లెన్సు ఒకటి సంపాదించుకున్నాడు. చూస్తే బోరు గొట్టంలా ఉంది. ఎత్తితే చిన్న గెల బరువుంది.

"ఇది కొంగల లెన్సండి భాయ్. పిల్లలకి పనికొస్తదో లేదో నాకు తెలీదు."

"దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెస్తుంది కదా?"

"తెస్తదండి. మరీ తెస్తది."

ఆటలంటే పెద్ద లెన్సే అని తాహిర్‌భాయ్ నమ్మకం. టీవీలో క్రికెట్టు చూస్తే బౌండరీ దగ్గర అందరూ అవే పట్టుకుని ఉంటారు కదా. తెచ్చి స్కూలు ప్రాక్టీసు దగ్గర తాడు కట్టించుకుని, దాని బయట నిలబడి తీశాడు. రాత్రి అవ్వకముందే స్టూడియోలో కంప్యూటర్లో చూశాం. ఒక చెవి. ఒక మోకాలు. ఎవరిదో జడ చివర రిబ్బను. గ్రౌండు అవతల చివర నిలబడ్డ మాణిక్యం మేడం నోట్లో విజిలు మాత్రం అద్దంలా వచ్చింది.

మర్నాడు ఇంకా వెనక్కి జరిగి తీశాడు. పిల్లలు ఫొటోలో పట్టారు గానీ మధ్యలో జనం అడ్డం. పైగా పొద్దు వాలేసరికి అంతా మసి. చేతులు పొగలా వచ్చాయి, మొహాలు నల్లగా వచ్చాయి.

లెన్సు తిరిగి ఇచ్చేటప్పుడు నిత్యానందం చెప్పాడు. "ముందు అద్దం ఎంత పెద్దదైనా ఇంత గొట్టం దాటేసరికి వెలుతురు పలచబడిపోతదండి. ఎండుండాలి, లేదా ఎదటిది కదలకుండా ఉండాలి. కొంగ ఒంటికాలి మీద అలా నిలబడే ఉంటది. మీ పిల్ల నిలబడుద్దా?"

"ఒకసారి నిలబడిందయ్యా. దాంతోనే వచ్చింది తంటా అంతా" అన్నాడు తాహిర్‌భాయ్.

తిరిగి బస్సెక్కాం. ఏలూరులో దిగాక అన్నాడు. "కబడ్డీ కోర్టు పెళ్లి మండపం కంటే మరీ పెద్దదేం కాదు వీరాస్వామీ. మనకి కావాల్సింది దూరం కాదు. వెలుతురు. కొంచెం దూరం, చాలా వెలుతురు."

అలాంటి లెన్సు కొనాలంటే చేతిలో ఏమీ లేదు. స్టూడియోలో ఉన్నవి పెళ్లి లైట్లు, స్టాండ్లు, తెల్ల గొడుగు. పాత సామాను మార్చుకునే కొట్టు ఒకటుంది. అవి ఇచ్చేసి లెన్సు తెచ్చుకుంటానన్నాడు. ఆయన భార్య మరియంబీ గారు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, రేపు పెళ్లి వస్తే ఏం పట్టుకెళ్తారండీ? అగ్గిపెట్టా?"

"పెళ్లిళ్లు రావట్లేదు కదా మరియం."

"వస్తే అంటున్నాను. ఇంతకీ ఆ పిల్ల మీకేమవుతుందని?"

"ఏమీ అవదు. నావల్ల దానికో పేరొచ్చింది. అది పోవాలి."

మరియంబీ గారు నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పు తమ్ముడూ. లైట్లు పోతే నీ పని కూడా పోతుంది."

నాకూ అదే లోపల ఉంది. అడిగేశాను. "మరి నేనేం పట్టుకోను భాయ్?"

"నన్ను పట్టుకో. పడిపోకుండా."

ఆవిడ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి లైటు వైర్లు చుట్ట చుట్టి, దారం కట్టి తెచ్చి మా ముందు పెట్టింది.

కొట్టాయన రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తగా మెరుస్తోంది. తిప్పితే పొడుగవుతుంది, తిప్పితే పొట్టిదవుతుంది. జూమ్. రెండోది పొట్టిగా, లావుగా, పక్కన రంగు కొట్టుకుపోయి ఉంది. తిప్పినా దగ్గరికి రాదు, దూరం పోదు.

"జూమ్ తీసుకోండి భాయ్. ఉన్నచోటనుంచి కదలక్కర్లేదు" అన్నాడు కొట్టాయన.

తాహిర్‌భాయ్ రెండింటి అంచు మీదా రాసున్న అంకెలు చూశాడు. ఆ అంకె ఎంత తక్కువైతే లోపలికి అంత వెలుతురు వస్తుందట. జూమ్‌కి ఎక్కువుంది. పొట్టిదానికి బాగా తక్కువ. అయినా ఆయన అంకెని నమ్మి ఊరుకోలేదు. పొద్దు వాలేదాకా అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. కొట్టాయన షట్టరు దించబోతుంటే లేచి, "వీరాస్వామీ, సందు చివరికి వెళ్లి కూత పెట్టుకుంటూ రా" అన్నాడు.

"నేనా?"

"మరి కొట్టాయన్ని రమ్మంటావా?"

పొద్దుటినుంచి గెలలు ఎత్తి వచ్చాను. నడుం వంగట్లేదు. అయినా లుంగీ ఎగ్గట్టి, కబడ్డీ కబడ్డీ అంటూ ఆ సందులో ఊగుతూ వచ్చాను. టైలరు కొట్లో మనిషి మిషను ఆపేశాడు. ఎవరో ఆడమనిషి పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకోసారి!" అన్నాడు తాహిర్‌భాయ్.

"పెళ్లి కాదండీ ఇది!" అన్నాను ఆయాసంతో.

ఆయన నవ్వలేదు. లెన్సు మార్చాడు. మళ్లీ పరిగెత్తాను. ఇద్దరం చూశాం. జూమ్‌తో తీసిన దాంట్లో నేను బూడిద రంగు మూటలా ఉన్నాను. పొట్టి లెన్సుతో తీసిన దాంట్లో నా గడ్డం మీది తెల్ల వెంట్రుకలు కనపడ్డాయి, గాల్లో లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇదివ్వండి" అన్నాడు.

"ఇది కదలదు భాయ్. దగ్గరికీ దూరానికీ మీరే నడవాలి."

"నడుస్తాను."

నడిచాడు నిజంగానే. రోజూ సాయంత్రం స్కూలుకి పోయి తాడు బయట తిరిగాడు. కూతకి వెళ్లే పిల్ల మొహం అవతలి టీము వైపు ఉంటుంది కాబట్టి అవతలి టీము వెనక ఉండాలని తెలుసుకున్నాడు. అక్కడుంటే వాళ్ల వీపులు అడ్డం. నేల మీద బోర్లా పడుకుంటే కాళ్ల సందుల్లోంచి కనపడుతుందని తెలుసుకున్నాడు. ఒక్కటే లొంగలేదు. మొహం పక్కకి తిరిగినప్పుడల్లా ఎడమ చెయ్యి లేచేది, గొంతులో మాట వచ్చేది. ప్రాక్టీసులో రెండుసార్లు అనేశాడు కూడా. మేడం విజిలు ఊది, కొంగు దోపి వచ్చేసింది. నేను అడ్డం పడ్డాను.

తాడేపల్లిగూడెం పోటీల రోజు ఆయన జేబురుమాలు మడిచి పళ్ల మధ్య కరుచుకున్నాడు. ఎడమ చెయ్యి లెన్సు కిందే ఉండేలా నేను నా రుమాలుతో కెమెరా బెల్టుకి కట్టాను. తాడు బయట, అవతలి టీము గీత వెనక, పొద్దున్నుంచే చోటు పట్టుకుని పడుకున్నాడు.

పక్కనున్న పెద్దాయన వంగి చూశాడు. "ఏవండీ, పన్ను నొప్పాండీ?"

తాహిర్‌భాయ్ తలూపాడు.

"లవంగం పెట్టుకోండి. గుడ్డ కొరికితే తగ్గదండి."

మళ్లీ తలూపాడు.

పెద్దవాళ్లు రావడం ఆలస్యమై, ప్రసంగాలు అయ్యేసరికి ఎండ చల్లబడింది. మా పిల్లల ఆట మొదలయ్యేటప్పటికి కొబ్బరిచెట్ల నీడలు కోర్టు మీదికి వచ్చేశాయి. పెద్ద కెమెరాతో వచ్చిన ఒకబ్బాయి చీకటి పడిందని సర్దుకున్నాడు. ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఫ్లాషులు కొడుతుంటే రిఫరీ కేకలేశాడు.

రమ్యశ్రీ మొదటి కూతకి వచ్చింది. తాడు పట్టుకున్న పిల్లల గుంపు అందుకుంది. "ఇటు చూడమ్మా! ఇటూ!"

ఆ పిల్ల తలవంచేసింది. నడిగీత దాటి, లోపలి గీత తొక్కి, వెంటనే వెనక్కి వెళ్లిపోయింది. రెండోసారీ అంతే. తల ఎత్తదు. తాహిర్‌భాయ్‌కి పాపిడి తప్ప ఏమీ కనపడలేదు. ఫస్టాఫ్ అయిపోయింది. టీములు కోర్టులు మారాయి. ఆయన లేచి, మట్టి దులుపుకోకుండా జనాన్ని తోసుకుంటూ రెండో చివరికి పరిగెత్తాడు. నేను బ్యాగు పట్టుకుని వెనకాల. దారి దొరకడం లేదు. నోట్లో గుడ్డ ఉంది కాబట్టి జరగండి అనడానికి కూడా లేదు, నేనే అరిచాను. మేం వెళ్లేసరికి జనం ఒక్కసారి గొల్లుమన్నారు. ఏదో జరిగింది. చూడలేదు.

అక్కడ చోటు లేదు. మంచినీళ్ల డ్రమ్ము పక్కన కాస్త సందుంటే ఆయన అందులో దూరి బురదలో పడుకున్నాడు.

రమ్యశ్రీ వచ్చింది. మళ్లీ కేకలు. ఈసారి ఏమనుకుందో, తల ఎత్తింది. ఎదటి పిల్లల్ని చూస్తూ నెమ్మదిగా లోపలికి వచ్చింది. కూత మాకు వినపడుతోంది. సరిగ్గా ఆయన ముందుకి వచ్చి, పక్కకి తిరిగింది. చెంప మాత్రమే కనపడుతోంది. ఒక్క మాట చాలు, తిరుగుతుంది. తాహిర్‌భాయ్ దవడ బిగిసింది. కట్టులో చెయ్యి గింజుకుంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కాను.

ఆయన అనలేదు. మోచేతుల మీద పాక్కుంటూ డ్రమ్ముకి అటువైపు జరిగాడు. పైనుంచి నీళ్లు వీపు మీద కారుతున్నాయి. లెన్సు ఎత్తేసరికి ఆ పిల్ల మూలనున్న అమ్మాయి మీదికి దూకింది. కెమెరా టకటకా కొట్టుకుంది. తర్వాత రమ్యశ్రీ నలుగురి కిందనుంచి జారి నడిగీత మీద పడింది. రిఫరీ చెయ్యెత్తాడు.

ఆట గెలిచారు. జనం కోర్టులోకి దూకారు. తాహిర్‌భాయ్ బురదలోనే కూర్చుని కెమెరా తెర చూస్తున్నాడు. నేనూ వంగి చూశాను. రెండు కాళ్లూ నేల మీద లేవు. నోరు కూతలో తెరుచుకుని ఉంది. కళ్లు ఎదటి పిల్ల చెయ్యి మీదున్నాయి. వేళ్ల చివర దుమ్ము కూడా కనపడుతోంది.

నోట్లో గుడ్డ తియ్యడం మర్చిపోయాడు. నేనే తీశాను.

మాణిక్యం మేడం తాడు కిందనుంచి దూరి వచ్చింది. కెమెరా తీసుకుని చూసింది. వెనక్కి తిరిగి, "ఒసేయ్ రమ్యా! ఇలా రా!" అని కేకేసింది.

ఆ పిల్ల వచ్చి, తాహిర్‌భాయ్‌ని చూసి మేడం వెనక్కి వెళ్లింది. మేడం కెమెరా దాని చేతిలో పెట్టింది. చూసింది. దగ్గరికి పెట్టుకుని మళ్లీ చూసింది.

"మేడం, ఇది చూడండి! ఈ అవతలి పిల్ల కాలు బయటిగీత దాటేసింది. నాకు ఇంకో పాయింటు రావాలి. రిఫరీ ఇవ్వలేదు!"

"గెలిచాం కదే."

"అయినా ఇవ్వాలి కదండీ!" అంది. మిగిలిన పిల్లలు వచ్చి చుట్టూ మూగారు. ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. ఎవరో, "ఇది నా స్టేటస్‌లో పెడతాను" అంది. "ముందు నేనే" అంది ఇంకొకత్తె. రమ్యశ్రీ కెమెరా వదల్లేదు. దాన్ని పట్టుకునే తాహిర్‌భాయ్ వైపు తిరిగింది. ఆ సంగతి జరిగాక ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"మీరు ఎక్కడున్నారండీ? నాకు కనపడలేదు."

"ఈ డ్రమ్ము కిందేనమ్మా."

"మరి మా దీవెన పట్టిన పట్టు తీశారా? సెకండాఫ్ మొదట్లో. అవతలి కెప్టెన్‌ని ఒక్కత్తే ఎత్తి పడేసింది."

మేం జనంలో ఇరుక్కున్నప్పుడు గొల్లుమన్నది దానికన్నమాట.

"లేదమ్మా. అప్పుడు ఈ చివరికి మారుతున్నాను."

"అయ్యో" అంది ఆ పిల్ల. నిజంగానే బాధపడింది. "అదే అసలైనదండీ. ఇదేముంది."

తాహిర్‌భాయ్ దీవెన అనే పిల్లని వెతికి చూశాడు. లావుగా, పొట్టిగా, మోచెయ్యి చర్మం లేచిపోయి, అరటిపండు తింటూ వెనకాల నిలబడి ఉంది.

"మీకు రేపు కూడా ఆటుందా?" అని అడిగాడు.

"ఉందండి. పొద్దున్నే."

"అయితే ఈ రాత్రికి ఇక్కడే ఉంటాం" అన్నాడు ఆయన నా మొహం కూడా చూడకుండా. లేచి, తడి చొక్కా పిండుకుంటూ, కోర్టు ఈ చివరనుంచి ఆ చివరికి దగ్గర దారి ఎటుందో వెతకడం మొదలుపెట్టాడు.